మొక్కల ఆహారంతో బరువు తగ్గడానికి ఆన్‌లైన్ సపోర్ట్: యాప్, కోచ్, గ్రూప్, డైటీషియన్లలో మీకు ఏది?

మాంసం, గుడ్లు, పాలు పక్కనపెట్టి మొక్కల ఆహారంతోనే బరువు తగ్గాలనుకునేవాళ్లకి ఇప్పుడు దారులకి కొదవలేదు. అంతా ఫోన్‌లోనే నడిపించే యాప్‌లున్నాయి. మెసేజ్‌లకి బదులిచ్చే కోచ్‌లున్నారు. వారానికోసారి వీడియోలో కలిసే గ్రూపులు, ఆన్‌లైన్‌లో చూసే డైటీషియన్లు కూడా ఉన్నారు. అందరూ చెప్పేది ఒకటే, అలవాట్లు మారుస్తాం, బరువు దానంతటదే తగ్గుతుందని. ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో, ఏది ఎవరికి నప్పుతుందో చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలామంది ముందు డైట్ ఎంచుకుంటారు, సపోర్ట్ ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకుంటారు. ఈ వరస తిరగేయాలి. రోజూ ఏం తిన్నారో మీరు రాసుకున్నది ఎవరు చదువుతారు? ఎన్ని రోజులకోసారి బదులిస్తారు? ఆరు నెలలు దాటాక కూడా ఉంటారా? ఈ మూడూ తేలాక ప్లేట్లో ఏముండాలో ఆలోచించవచ్చు.

అసలు దూరం నుంచి పనవుతుందా?

అవుతుంది. దీనికి నాకు నచ్చిన ఆధారం 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ల ట్రయల్. ఊబకాయం ఉన్న 415 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి ఫోన్, వెబ్‌సైట్, ఈమెయిల్ ద్వారానే సపోర్ట్. రెండో భాగానికి వాటితో పాటు ముఖాముఖి సమావేశాలు కూడా. మూడో భాగం వాళ్లు సొంతంగా చేసుకోవాలి. రెండేళ్ల తర్వాత చూస్తే మొదటివాళ్లు సగటున 4.6 కిలోలు, రెండోవాళ్లు 5.1 కిలోలు, మూడోవాళ్లు 0.8 కిలోలు తగ్గారు. ఆ అరకిలో తేడా కోసం రెండేళ్లు క్లినిక్ చుట్టూ తిరగమంటే నేనైతే తిరగను.

అయితే ఆ ట్రయల్లో దూరం నుంచి అందిన సాయం ఒట్టి యాప్ మాత్రం కాదు. శిక్షణ పొందిన కోచ్‌లు ఫోన్ చేసేవాళ్లు. బరువు ఎంటర్ చేయడానికి వెబ్‌సైట్ ఉండేది, కొన్నాళ్లు అటువైపు రాకపోతే ఈమెయిల్ వచ్చేది. పేషెంట్లని మామూలుగా చూసే డాక్టర్లకి కూడా సంగతి తెలుసు, వాళ్లూ ప్రోత్సహించేవాళ్లు. ఈరోజు ఏదైనా ప్రోగ్రాం అమ్మేవాళ్లు 'దూరం నుంచి సపోర్ట్ పనిచేస్తుందని రుజువైంది' అంటే, వాళ్ల దగ్గర వీటిలో ఎన్ని ఉన్నాయో అడగండి.

4.6 కిలోలు తక్కువ అనిపించవచ్చు. నెలకి పది కిలోలు అని ప్రకటనలు చూసిన కళ్లకి అది చిన్న అంకే మరి. కానీ 2002లో ఫలితాలు వచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం అనే పెద్ద అమెరికా ట్రయల్లో పెట్టుకున్న లక్ష్యం శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. 90 కిలోల మనిషికి 7 శాతమంటే ఆరు కిలోల పైచిలుకు. షుగర్ వచ్చే ముప్పు ఉన్న 3,234 మంది అందులో ఉన్నారు. అలవాట్లు మార్చుకున్న గ్రూపులో సగటున దాదాపు మూడేళ్లలో కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతం.

యాప్ ఒక్కటే ఉంటే

ఖర్చు తక్కువ, అర్ధరాత్రి కూడా పనిచేస్తుంది, ఎవరికీ మొహం చూపించక్కర్లేదు. మొహమాటం ఎక్కువున్నవాళ్లకి ఈ చివరిది చిన్న విషయం కాదు.

2006లో వచ్చిన ఒక అధ్యయనంలో 192 మందిని మూడు రకాలుగా చూశారు. కొందరికి మనిషి ఈమెయిల్ రాసి సలహా ఇచ్చాడు, కొందరికి కంప్యూటరే ఆటోమేటిగ్గా బదులిచ్చింది, కొందరికి ఏ సలహా లేదు. మూడు నెలలకి కంప్యూటర్ గ్రూపు, మనిషి గ్రూపు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. ఆరు నెలలకి మనిషి సలహా అందినవాళ్లు 7.3 కిలోలు, కంప్యూటర్ సలహా అందినవాళ్లు 4.9 కిలోలు, ఏదీ లేనివాళ్లు 2.6 కిలోలు తగ్గారు. అంటే మొదట్లో ఉత్సాహం ఉన్నప్పుడు యంత్రం సరిపోతుంది. ఉత్సాహం చల్లారాక మనిషి కావాలి. అప్పటికంటే ఇప్పటి యాప్‌లు చాలా తెలివైనవని ఒప్పుకుంటాను. కానీ 'ఈ వారం ఏమీ రాయలేదేం?' అని ఒక మనిషి అడిగితే కలిగే ఇబ్బంది, నోటిఫికేషన్ చూస్తే కలగదు. దాన్ని వేలితో పక్కకి తోసేస్తాం.

మొక్కల ఆహారానికి సంబంధించి యాప్‌లకి ఇంకో లోటుంది. ప్యాకెట్ మీద బార్‌కోడ్ స్కాన్ చేస్తే లెక్క ఠక్కున వస్తుంది. ఇంట్లో వండిన బీన్స్ కూరలో నూనె ఎంత పడిందో మాత్రం దానికి తెలియదు. రాయడానికి ప్యాకెట్ తిండే తేలిగ్గా ఉంటే, మెల్లగా చేయి అటే పోతుంది. జరగకూడనిది సరిగ్గా ఇదే.

అంకెలంటే ఇష్టం ఉండి, ఎవరూ చెప్పకపోయినా రోజూ రాసే అలవాటున్నవాళ్లకి యాప్ చాలు. ఇంతకుముందే రెండు మూడు యాప్‌లు డౌన్‌లోడ్ చేసి వదిలేసినవాళ్లు నాలుగోదానికి డబ్బు కట్టొద్దు.

మెసేజ్‌లతో నడిపించే కోచ్

మీకు వీలైనప్పుడు రాస్తారు, కోచ్ తనకి వీలైనప్పుడు చదివి బదులిస్తారు. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకి, పిల్లలు పడుకున్నాక గానీ తీరిక దొరకనివాళ్లకి ఇదే కుదురుతుంది. కానీ కోచ్‌కీ కోచ్‌కీ మధ్య ఉండే తేడా చూస్తే ఆశ్చర్యమేస్తుంది.

మీరు ఇలా రాశారనుకోండి: 'రాత్రి భోజనం బాగానే అయింది. పదిన్నరకి టీవీ చూస్తూ వేయించిన వేరుశనగలు తిన్నాను. ఎన్ని తిన్నానో తెలీదు.'

ఒక కోచ్ నుంచి వచ్చే బదులు: 'పర్లేదండీ! రేపు కొత్త రోజు. మీరు తప్పకుండా సాధిస్తారు!'

ఇంకో కోచ్ నుంచి: 'ఈ వారంలో ఇది మూడోసారి, మూడుసార్లూ పదింటి తర్వాతే. ఆ మూడు రోజులూ మధ్యాహ్నం సలాడ్ ఒక్కటే రాశారు, పప్పుగానీ బీన్స్‌గానీ లేవు. రేపటి నుంచి సలాడ్‌లో ఒక కప్పు ఉడికించిన శనగలు కలపండి. వేరుశనగలు మానక్కర్లేదు, డబ్బా పక్కన పెట్టుకోకుండా చిన్న గిన్నెలో పోసుకుని కూర్చోండి. గురువారం ఎలా ఉందో రాయండి.'

మొదటి బదులు ఎవరికైనా పంపవచ్చు, మీరు రాసింది చదవకుండానే. రెండో కోచ్ వారం రోజుల రాతలు చదివారు, రాత్రి ఆకలికి మధ్యాహ్నంలో కారణం పట్టుకున్నారు. గుప్పెడు వేరుశనగల్లో, అంటే 30 గ్రాముల్లో, 170 కేలరీల దాకా ఉంటాయి. అయినా వాటిని నిషేధించలేదు, ఒకే ఒక్క మార్పు చెప్పి, మళ్లీ ఎప్పుడు చూస్తారో తేదీ పెట్టారు. బిహేవియరల్ సపోర్ట్ (అలవాట్లు మార్చుకోవడానికి సాయం) అని పెద్ద పేరు పెట్టి అమ్మేది నిజానికి ఈ పనే. ఎలా ఉందో చూడమని ఇచ్చే మొదటి వారంలో ఇలాంటి బదులు ఒక్కటీ రాకపోతే తర్వాతా రాదు.

రాసుకోవడం గురించి ఒక మాట. 2008లో వచ్చిన, దాదాపు 1,700 మంది మీద జరిగిన అధ్యయనంలో రోజూ తిన్నది రాసుకున్నవాళ్లు, అసలు రాయనివాళ్లకంటే దాదాపు రెట్టింపు తగ్గారు. రాయడమే తగ్గించిందా, పట్టుదల ఉన్నవాళ్లే రాశారా అంటే విడదీసి చెప్పడం కష్టం. రెండూ కొంత కొంత అయ్యుంటాయి. ఏదేమైనా కోచ్‌కి చదవడానికి ఏదైనా ఉండాలంటే మీరు రాయాల్సిందే.

ఫోన్‌లోనో వీడియోలోనో ఒకరితో ఒకరు

అన్నింటికంటే ఖరీదైంది, అన్నింటికంటే సూటిగా పనిచేసేది. వీడియో తప్పనిసరేం కాదు. జాన్స్ హాప్‌కిన్స్ ట్రయల్లో దూరం నుంచి మాట్లాడింది మామూలు ఫోన్‌లోనే. చూడాల్సింది ఎన్నిసార్లు మాట్లాడతారన్నది. 2013 నాటి అమెరికా వైద్య సంఘాల మార్గదర్శకాల్లో మొదటి ఆరు నెలల్లో కనీసం 14 సెషన్లు ఉండాలని చెప్పారు. నెలకొక కాల్ ఇచ్చి దానికి కోచింగ్ అని పేరు పెట్టేవాళ్లు ఈ లెక్కలో సగానికి కూడా రారు.

వీడియో గ్రూప్

షుగర్, బీపీ మందుల గొడవ లేని చాలామందికి నేను ముందు చెప్పేది ఇదే, కోచ్ మెసేజ్‌లు కూడా తోడుంటే మరీ మంచిది. మొక్కల ఆహారానికి మారినవాళ్లు తరచు ఇంట్లో ఒంటరైపోతారు. అందరూ ఒకటి తింటుంటే తను ఇంకోటి వండుకోవాలి, అదేమిటని అడిగేవాళ్లకి బదులు చెప్పాలి. వారానికొక గంట అదే పని చేస్తున్న పదిమంది మొహాలు కనిపిస్తే ఆ బరువు కాస్త దిగుతుంది. నూనె లేకుండా ఉల్లిపాయలు మాడకుండా ఎలా వేయించాలో, అంటే కొంచెం కొంచెంగా నీళ్లు చిలకరిస్తూ వేయించాలని, కోచ్ చెప్పేదానికంటే నిన్న అదే చేసిన మనిషి చెప్తే తలకెక్కుతుంది.

2007లో ఫలితాలు వచ్చిన ఒక అధ్యయనంలో మెనోపాజ్ దాటిన 64 మంది మహిళలు పాల్గొన్నారు. కొవ్వు తక్కువున్న వీగన్ ఆహారం, అంటే జంతువుల నుంచి వచ్చేదేదీ లేని ఆహారం, తీసుకున్నవాళ్లు రెండేళ్ల తర్వాత కూడా 3.1 కిలోలు తగ్గి ఉన్నారు. గుండె జబ్బుల నివారణకి అప్పట్లో మామూలుగా చెప్పే డైట్ పాటించినవాళ్లు 0.8 కిలోలు. ఆసక్తికరమైంది ఏమిటంటే, తర్వాత కూడా గ్రూప్ సపోర్ట్ అందినవాళ్లు అది అందనివాళ్లకంటే ఎక్కువ తగ్గారు. డైట్ ఎంత ముఖ్యమో, దాని పక్కన మనుషులు ఉండటం కూడా అంతే ముఖ్యమైందని ఈ ఒక్క అధ్యయనంలోనే తెలుస్తుంది.

గ్రూపులో చూసుకోవాల్సింది సైజు. నలభై మంది కెమెరాలు ఆపేసి కూర్చుంటే అది గ్రూప్ కాదు, ఉపన్యాసం. పది పదిహేను మంది ఉండి, ప్రతివాళ్లూ ఆ వారం ఏం జరిగిందో రెండు మాటలు చెప్పే పద్ధతి ఉంటే చేరండి. సెషన్ తప్పితే ఎవరైనా అడుగుతారా అన్నది కూడా కనుక్కోండి.

స్నేహితులు కలిసి పెట్టుకునే ఫ్రీ గ్రూపుల గురించి ఎక్కువ చెప్పను. సరదాగా మొదలవుతాయి, రెండు నెలలకి గుడ్ మార్నింగ్ మెసేజ్‌లే మిగులుతాయి. ఎవరిదీ బాధ్యత కాదు కదా. ఇంకోదానికి తోడుగా ఉంటే మంచిదే.

డైటీషియన్, డాక్టర్ తప్పనిసరైనవాళ్లు

ఇక్కడ మాత్రం ఇష్టాయిష్టాల ప్రశ్న లేదు. ఇన్సులిన్ వాడుతున్నవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటి సల్ఫోనైల్‌యూరియా మాత్రలు వేసుకునేవాళ్లు ఒక్కసారిగా ఆహారం మార్చి తక్కువ తింటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. డోస్ ఎవరు తగ్గిస్తారు, ఎప్పుడు తగ్గిస్తారు అన్నది మొదటి రోజుకి ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. బరువు తగ్గేకొద్దీ బీపీ మందులు ఎక్కువై లేచి నిలబడితే కళ్లు తిరగవచ్చు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచితే విటమిన్ కె వల్ల ఆ మందు పని మారిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి పప్పులు, పళ్లు, కూరగాయల్లోని పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క వేరు. వీళ్లెవరూ యాప్‌తోనో మామూలు కోచ్‌తోనో మొదలుపెట్టకూడదు.

గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి ఇది బరువు తగ్గే సమయం కాదు, డాక్టర్ ప్రత్యేకంగా చెప్తే తప్ప. తిండి విషయంలో గతంలో తీవ్రంగా ఇబ్బంది పడినవాళ్లు, అంటే పస్తులుండటం, అతిగా తిని వాంతి చేసుకోవడం లాంటివి ఉన్నవాళ్లు, ప్రతి ముద్దా రాసే ప్రోగ్రాంల జోలికి పోకుండా ముందు మానసిక వైద్యుల సలహా తీసుకోవాలి. చేరేటప్పుడు వీటిలో ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కార్డ్ నంబర్ అడిగే ప్రోగ్రాం ఉంటే, అక్కడే వదిలేయండి.

ఇక ప్లేట్ సంగతి

మొక్కల ఆహారం పేరుతో ప్రోగ్రాంలు చెప్పేవి ఒక్కటి కావు. కొన్నింటిలో జంతువుల నుంచి వచ్చేదేదీ ఉండదు, నూనె కూడా దాదాపు ఉండదు. కొన్ని పాలు, గుడ్లు ఉంచుతాయి. కొన్ని రోజుకి ఒక పూటో రెండు పూటలో మొక్కల ఆహారం చాలంటాయి.

మొదటి రకం బరువు విషయంలో ముందుంటుంది. 2017లో ఫలితాలు వచ్చిన న్యూజీలాండ్‌ అధ్యయనంలో 65 మంది ఉన్నారు. కేలరీలు లెక్కపెట్టకుండా, ముడి ధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పళ్లు కడుపు నిండా తినమన్నారు. మొత్తం కేలరీల్లో కొవ్వు నుంచి వచ్చేవి 7 నుంచి 15 శాతమే, బి12 మాత్ర తప్పనిసరి. ఈ ఆహారం తీసుకున్న గ్రూపు ఆరు నెలలకి సగటున 12.1 కిలోలు తగ్గింది, ఏడాదికి కూడా 11.5 కిలోల తగ్గుదల నిలిచింది. అంకె చూసి వెంటనే ఎగిరి గంతేయొద్దు. వాళ్లు మొదటి 12 వారాలు వారానికి రెండు సాయంత్రాలు ఒకచోట కలిసేవాళ్లు. అలాంటి తోడు లేకుండా ఒక యాప్ పెట్టుకుని అదే ఫలితం వస్తుందనుకోవడం అత్యాశ.

కడుపు నిండా తిన్నా ఎందుకు తగ్గుతారు? గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటే పిండిపదార్థంలోనూ ప్రోటీన్‌లోనూ 4. దానికి పీచు, నీరు తోడైతే అదే పరిమాణంలో కేలరీలు బాగా పడిపోతాయి. అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో 20 మందిని ఉంచి రెండు వారాలు కొవ్వు తక్కువున్న మొక్కల ఆహారం, ఇంకో రెండు వారాలు మాంసం, కొవ్వు ఎక్కువున్న కీటో ఆహారం ఇచ్చారు. ఎంత కావాలంటే అంత తినవచ్చు. మొక్కల ఆహారం మీద ఉన్నప్పుడు రోజుకి 689 కేలరీలు తక్కువ తిన్నారు. 2021లో ఈ ఫలితాలు వచ్చాయి.

అదే లెక్క తలకిందులయ్యే చోటు నూనె. ఒక టేబుల్‌స్పూన్ నూనెలో దాదాపు 120 కేలరీలుంటాయి, ఏ నూనైనా సరే. గరిటెతో కొలవకుండా బాండీలో సీసా వంచితే రెండు మూడు స్పూన్లు ఇట్టే పడతాయి. వారం రోజులు వండే ముందు స్పూన్‌తో కొలిచి రాసుకోండి, బరువు ఎందుకు కదలడం లేదన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరకవచ్చు. చిప్స్, బిస్కెట్లు, వీగన్ ఐస్‌క్రీం, మాంసంలా కనిపించే ప్యాకెట్ సరుకు ఇవన్నీ కూడా మొక్కల నుంచి వచ్చినవే. నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ వాళ్లే 2019లో ప్రచురించిన ఇంకో ప్రయోగంలో బాగా ప్రాసెస్ చేసిన తిండి పెట్టినప్పుడు మనుషులు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. ఏ ప్రోగ్రాం అయినా తన సొంత షేక్‌లు, స్నాక్ బార్లు అమ్ముకుంటూ మొక్కల ఆహారం అంటుంటే నాకు అనుమానమే.

మరి పూర్తిగా మారలేనివాళ్ల సంగతి? 2015లో వచ్చిన చిన్న అధ్యయనంలో 63 మందిని ఐదు రకాల ఆహారాల మీద ఉంచారు. ఆరు నెలలకి వీగన్ గ్రూపు బరువులో 7.5 శాతం, అన్నీ తినే గ్రూపు 3.1 శాతం తగ్గాయి. పాలు, గుడ్లు ఉంచుకున్న శాకాహారులు వీగన్ గ్రూపుకి కొంచెం వెనకగా ఉన్నారు. కొద్దికొద్దిగా మాంసం, చేపలు ఉంచుకున్నవాళ్లకి అన్నీ తినేవాళ్లకంటే పెద్ద తేడా రాలేదు. ఇంకోవైపు 2018లో 609 మంది మీద ఏడాది పాటు జరిగిన స్టాన్‌ఫర్డ్ ట్రయల్లో కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు, పిండిపదార్థాలు తగ్గించినవాళ్లు 6.0 కిలోలు తగ్గారు, లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదు. ఇద్దరికీ 22 సెషన్లు నడిపారు, ఇద్దరికీ చక్కెర, మైదా తగ్గించి కూరగాయలు పెంచమన్నారు. డైట్ పేరు మీద జరిగే యుద్ధాల్లో దిగేవాళ్లు ఈ ట్రయల్ ఒకసారి చూడాలి.

నా సలహా మీ స్వభావాన్ని బట్టి మారుతుంది. ఒక్క ముక్క తింటే ఆగలేనివాళ్లకి పూర్తిగా మానేయడమే తేలిక, రోజూ మనసుతో బేరం ఆడే పని ఉండదు. ఒకరోజు నియమం తప్పితే 'ఎలాగూ పోయింది' అని వారమంతా వదిలేసేవాళ్లకి అంత గట్టి నియమం పనికిరాదు. రెండు పూటలు పూర్తిగా మొక్కల ఆహారం, మూడో పూట ఇంట్లోవాళ్లతో పాటు అన్న ఏర్పాటు వాళ్లకి ఎక్కువ కాలం నిలుస్తుంది. మంచి కోచ్ మిమ్మల్ని మొదటి కాల్లోనే ఈ విషయం అడుగుతారు.

రెండో వారంలో మానేసేవాళ్లలో కొందరికి కారణం కడుపు ఉబ్బరం, దాని గురించి సిగ్గుతో చెప్పరు. ఒక్కసారిగా బీన్స్, పప్పులు పెంచితే గ్యాస్ వస్తుంది. కొద్దికొద్దిగా పెంచాలి, నానబెట్టిన నీళ్లు పారబోసి బాగా ఉడికించాలి, నీళ్లు ఎక్కువ తాగాలి. కొన్ని వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది. ముందుగా ఈ మాట చెప్పని ప్రోగ్రాంకి అనుభవం తక్కువ అనే అనుకోవాలి.

బి12 సంగతి కూడా అంతే. పెద్దవాళ్లకి రోజుకి 2.4 మైక్రోగ్రాములు కావాలి, మొక్కల ఆహారంలో నమ్మదగ్గ మోతాదులో దొరకదు. లివర్‌లో నిల్వ ఉంటుంది కాబట్టి లోపం బయటపడటానికి ఏళ్లు పట్టవచ్చు, బయటపడేసరికి నరాలు దెబ్బతిని ఉండవచ్చు. మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడేవాళ్లకి అది ఇంకా త్వరగా తగ్గుతుంది. మాత్రో, బి12 కలిపిన ఆహారమో తప్పదు. మొదటి వారంలో బి12 మాట ఎత్తని మొక్కల ఆహార ప్రోగ్రాంని నేను ఎవరికీ చెప్పను. ఐరన్ కోసం పప్పులు, ఆకుకూరలతో పాటు నిమ్మరసమో పుల్లటి పళ్లో తీసుకుని, టీ కాఫీలు భోజనానికి కాస్త దూరం జరిపితే మంచిది. కాల్షియం, అయొడిన్, విటమిన్ డి గురించి డైటీషియన్‌ని అడగండి.

ఆరు నెలల తర్వాత ఎవరుంటారు?

ప్రోగ్రాంలు అమ్మేవాళ్లు చెప్పనిదీ, కొనేవాళ్లు అడగనిదీ ఇదే. 2008లో ఫలితాలు వచ్చిన ఒక ట్రయల్లో, అప్పటికే కనీసం 4 కిలోలు తగ్గిన 1,032 మందిని రెండున్నరేళ్లు గమనించారు. సొంతంగా వదిలేసినవాళ్లు 5.5 కిలోలు మళ్లీ పెరిగారు. వెబ్‌సైట్ వాడుకోమన్నవాళ్లు 5.2 కిలోలు పెరిగారు. నెలకొకసారి మనిషి మాట్లాడినవాళ్లు 4.0 కిలోలు పెరిగారు. ఆ మాటలు ఎక్కువగా ఫోన్‌లోనే, అవీ కొద్ది నిమిషాలే. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన మరో ట్రయల్లో, అప్పటికే బరువు తగ్గిన 314 మందిని ఏడాదిన్నర చూస్తే, ఇంటర్నెట్ ద్వారా సపోర్ట్ అందినవాళ్లు 4.7 కిలోలు, ముఖాముఖి కలిసినవాళ్లు 2.5 కిలోలు పెరిగారు. తగ్గించుకోవడంలో దూరం నుంచి సపోర్ట్ దాదాపు సమానంగా నిలబడినా, తగ్గినదాన్ని కాపాడుకోవడంలో ఒట్టి స్క్రీన్ బలహీనమే.

అందుకే డబ్బు కట్టే ముందు అడగాల్సిన ప్రశ్నల్లో నేను మొదట పెట్టేది: ఏడో నెల నుంచి నెలకొక కాల్ ఉంటుందా, దాని ఖర్చెంత? ఏడాది డబ్బు ముందే కట్టమంటే వద్దనండి, నెలనెలా కట్టే వీలుంటే చూడండి. కోచ్‌కి ఎక్కడ శిక్షణ అయింది, తన పైన డైటీషియన్ ఎవరైనా ఉన్నారా, ఒక్కొక్కరి చేతిలో ఎంతమంది ఉన్నారు, మీ బరువు, ఫోటోలు, మందుల వివరాలు ఇంకెవరికైనా ఇస్తారా, మానేస్తే చెరిపేస్తారా అన్నవి కూడా అడగండి. నేరుగా చెప్పడానికి ఇబ్బందిపడితే జవాబు దొరికినట్టే.

చేరాక ఎనిమిది వారాలకి ఒకసారి లెక్క చూసుకోండి. మొదటి రెండు నెలల్లో బరువు కదలడం మొదలైనవాళ్లే ఏడాదికి ఎక్కువ తగ్గి ఉంటారని చాలా ట్రయల్స్‌లో కనిపించింది. రెండు నెలలకి రెండు కిలోలు కూడా తగ్గకపోతే డైట్ మార్చే తొందర వద్దు. ముందు ఎన్ని రోజులు రాశారో, ఎన్ని బదులు వచ్చాయో లెక్కపెట్టండి. మీరు రాశారు, అవతల నుంచి పనికొచ్చే బదులు రాలేదంటే ప్రోగ్రాం మార్చండి. మీరే రాయలేదంటే ఇంకా ఎక్కువసార్లు మాట్లాడే ఏర్పాటుకి మారండి, యాప్ నుంచి కోచ్‌కి, కోచ్ నుంచి గ్రూప్‌కి. రాశారు, బదులు కూడా వచ్చాయి, అయినా కదల్లేదంటే అప్పుడు నూనె స్పూన్ తీసి కొలవండి. దాంతోనూ తేలకపోతే థైరాయిడ్ గురించి, మీరు వాడే మందుల్లో బరువు పెంచేవి ఉన్నాయేమో డాక్టర్‌ని కనుక్కోండి.